మెడదాకా వేడినీళ్ళు

పొద్దున్నే బాచాన్ అద్దం ముందు కూర్చుని పెదాలకు ఎర్రరంగు పూసుకుంటున్నప్పుడే జుసారాకు అనుమానం రావలసింది. రాలేదు. పెళ్ళయి అయిదు నెలలే అయిన మనిషి. ఫ్యాక్టరీకి వెళ్తూ వెళ్తూ మొగుడు వాగ్నెర్ అన్నం కుక్కరు మీద చీటీ అంటించి పోయాడు. “మూత తియ్యకు, లోపల నా మనసు ఉడుకుతోంది” అని రాసి ఉంది. దాన్ని మూడుసార్లు చదివి, నాలుగోసారి చదువుతూ తనలో తానే నవ్వుకుంటోంది.

బాచాన్ వాగ్నెర్‌కు నాయనమ్మ. ఎనభై నాలుగేళ్ళు. జపాన్‌లోని ఒకినావా నుంచి బ్రెజిల్ వలసపోయిన వాళ్ళ ఇంట పుట్టి, యాభయ్యో ఏట కారు దీపాలు చేసే ఫ్యాక్టరీలో పనికని జపాన్‌కే, ఈ తోయొహాషికి వచ్చింది. మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. తల్లి లేని వాగ్నెర్‌ను పెంచింది ఆవిడే. ఈ ప్రభుత్వ క్వార్టర్లలో బ్రెజిల్ వాళ్ళంతా ఆవిడను జపనీసులో ‘బామ్మ’ అని అర్థం వచ్చేలా బాచాన్ అనే పిలుస్తారు. బతుకంతా ఆవిడ కోరిన సుఖం ఒక్కటే. సాయంత్రం ఒళ్ళు శుభ్రంగా కడుక్కుని, లోతు తొట్టిలో మెడదాకా వేడినీళ్ళలో అరగంట కూర్చోవడం.

“ఒళ్ళు కడుక్కునేది తొట్టి బయట. తొట్టిలోకి దిగేది బతకడానికి” అనేది.

రెండు నెలల కిందట ఆ తొట్టి గట్టు దాటబోయి కాలు జారింది. ఎముక విరగలేదు కానీ ధైర్యం విరిగింది. అప్పటినుంచి స్టూలు మీద కూర్చుని తడి తువాలుతో ఒళ్ళు తుడుచుకోవడంతో సరి. నేనెత్తి దింపుతానని వాగ్నెర్ అన్నాడు.

“నీ ముడ్డి కడిగినదాన్ని నేను. నువ్వు నన్నెత్తుతావా, బడుద్ధాయ్!” అని తువాలు విసిరింది.

దారి జుసారాకే అనుకోకుండా దొరికింది. పెళ్ళయ్యాక ఉద్యోగం మారింది కదా, ఆరోగ్య బీమా, పెన్షన్ కాగితాలు మార్పించుకోవడానికి సిటీ ఆఫీసుకు వెళ్ళింది. కౌంటర్లో ఉన్న ఆవిడ కొత్త కాపురం జాబితాలో ముగ్గురి పేర్లూ చూసి, “ఇంట్లో పెద్దావిడ ఉన్నారే! వృద్ధుల సంరక్షణ బీమా వాడుకుంటున్నారా?” అని అడిగింది. ఆ బీమా కార్డు పందొమ్మిదేళ్ళుగా సొరుగులో కుట్టుసామాను కింద పడి ఉంది. పెన్షన్లోంచి కోసుకునేది ఏదో పన్ను అనుకున్నారు ఇంటిల్లిపాదీ. అది వాడుకుంటే వారానికి రెండుసార్లు వ్యాను ఇంటికొచ్చి, కేంద్రానికి తీసుకెళ్ళి, చేయి పట్టి తొట్టిలోకి దింపి, సాయంత్రం తెచ్చి దిగబెడుతుందట! ఆ మాట విన్న జుసారా కౌంటరు ముందే చప్పట్లు కొట్టింది. పక్క వరుసలో వాళ్ళు తిరిగి చూశారు.

అయితే ముందుగా సిటీ ఆఫీసు మనిషి ఒకరు ఇంటికొచ్చి, ఎంత సాయం అవసరమో చూసుకుని వెళ్తారు. అది ఇవాళే.

పది గంటలకు నోజిరి గారు వచ్చింది. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. బూట్లు విప్పి గుమ్మం వైపు తిప్పి పెట్టి, బల్ల ముందు కూర్చుని కాగితాలు తీసింది. బాచాన్ తెల్లచొక్కా మెడ బొత్తాందాకా పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

“చేతులు పైకెత్తగలరా అమ్మా?”

బాచాన్ రెండు చేతులూ ఎత్తి తలమీద చప్పట్లు కూడా కొట్టింది.

“ఒంటికాలి మీద ఒక్క క్షణం నిలబడగలరా?”

కొంగలా నిలబడింది. వీపు వెనక ఆవిడ ఎడమచేతి వేళ్ళు బల్ల అంచును పట్టుకుని తెల్లబడిపోవడం జుసారా ఒక్కతే చూసింది.

“ఇవాళ తేదీ చెప్పగలరా?”

“పద్నాలుగు. మంగళవారం. రేపు ప్లాస్టిక్ చెత్త పారేసే రోజు. రెండో నంబరు ఇంటివాళ్ళకి కూడా నేనే గుర్తుచేస్తా.”

“అన్నం సొంతంగా తింటారా?”

“తినడమేంటి, వండుతా. వరండాలో కాకరతీగ కూడా నేను పెట్టిందే. ఈ ఇంట్లో సాయం కావాల్సింది ఈ పిల్లకి. కుక్కరు నొక్కితే ఉడికే అన్నం కూడా మాడుస్తుంది.”

నోజిరి గారి కలం ఒక్కో ప్రశ్నకూ ‘చేయగలరు’ అన్న చోట టిక్కు పెట్టుకుంటూ పోతోంది. టిక్కు పడ్డప్పుడల్లా జుసారా గుండెలో రాయి పడుతోంది.

“మరి స్నానం?”

“రోజూ. ఒక్క గెంతు, తొట్టిలో ఉంటా.”

జుసారా నోరు తెరిచింది. బల్ల కింద బాచాన్ మడమ ఆమె కాలి మీద బలంగా పడింది. నోరు మూసుకుంది. నిజం చెబితే పరాయి మనిషి ముందు పెద్దావిడ పరువు పోతుంది. ఊరుకుంటే వేడినీళ్ళు పోతాయి. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

“కాఫీ పెడతాను” అని లేచింది. ఆశ్చర్యం, బాచాన్ కూడా గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. తలుపు చేరవేసి, పోర్చుగీసులో గుసగుసగా అడిగింది.

“పాసయ్యానా?”

“పాసేంటి బాచాన్?”

“నాకేం తెలీదనుకోకు. నేనొచ్చిన కొత్తలో పనికి కుదిర్చే ఏజెన్సీ వాళ్ళు అచ్చం ఇలాగే చేశారు. చేతులెత్తమన్నారు, ఒంటికాలి మీద నిలబెట్టారు, ఈరోజు ఏ వారం అనడిగారు. నాతోపాటు పనికొచ్చిన ఎమీలియా నా పక్కనే నిలబడి ఒక్కసారి ఒరిగింది. వారం తిరక్కుండా దాన్ని విమానం ఎక్కించేశారు.” బాచాన్ తలుపు వైపు ఒకసారి చూసింది. “ఈ వయసులో ఇంకో దేశం నావల్ల కాదే పిల్లా. పది రోజుల్నుంచి మీరిద్దరూ బయటికెళ్ళాక కుర్చీ పట్టుకుని సాధన చేస్తున్నా. ఈ దేశంలో ఉండనిచ్చే రెసిడెన్స్ కార్డు దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నా.”

జుసారాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాటేసుకుంది. బాచాన్ జుట్టుకు కొత్తగా వేసిన రంగు వాసన వేసింది.

“మీరు ఎక్కడికీ పోరు. ఇది తప్పితేనే గెలిచే పరీక్ష, బాచాన్! చేతకాదని చెబితేనే వాళ్ళొచ్చి సాయం చేస్తారు.”

“అలాంటి పరీక్ష ఎక్కడన్నా ఉంటుందా? ముసలిదాన్ని వెర్రిదాన్ని చెయ్యకు.”

“ఆవిడనే అడగండి.”

బాచాన్ అడగడానికి భయపడే మనిషి కాదు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని సూటిగా అడిగేసింది. “నేను ఫెయిలైతే నన్ను బ్రెజిల్ పంపించేస్తారా?”

నోజిరి గారు కలం కింద పెట్టింది.

“లేదమ్మా. ఎక్కడికీ పంపం. మహా అయితే నది అవతల కేంద్రానికి పంపిస్తాం, నాలుగింటికల్లా ఇంట్లో దింపేస్తాం. ఇన్నేళ్ళూ మీరు కట్టారు కదా, అది మీదే. పాస్‌పోర్టు ఏ దేశానిదైనా సరే.” తర్వాత గొంతు తేలిక చేసింది. “పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నా. నేను గుమ్మంలో అడుగు పెడితే చాలు, ఎవరికైనా మోకాళ్ళ నొప్పులు మాయమైపోతాయి. నన్ను మించిన డాక్టరు ఈ ఊళ్ళో లేరు. మా అత్తగారైతే సర్వే రోజున నా సాటి ఉద్యోగిని కోసం తొమ్మిది రకాలు వండి పెట్టింది. మర్నాటి నుంచి వారం పాటు మంచం దిగలేదు.”

బాచాన్ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మకం కుదిరింది కాబోలు, ఉన్నట్టుండి కుర్చీలో జారగిలబడి, తల పక్కకి వాల్చి, గొంతు సన్నం చేసింది.

“చెయ్యి లేవదమ్మా. అసలు లేవదు. ఇది ఏ సంవత్సరమో… ఈ పిల్లెవరు? నా పేరేంటి?”

“బాచాన్!” అంది జుసారా.

నోజిరి గారు నోటికి కాగితం అడ్డం పెట్టుకుని నవ్వింది. “అదీ వద్దమ్మా. ఉన్నదున్నట్టు చాలు. ఆ తొట్టి ఒక్కసారి చూపిస్తారా?”

ముగ్గురూ స్నానాల గది ముందు నిలబడ్డారు. పొడిగా ఉన్న తొట్టి, దాని పక్కన స్టూలు, స్టూలు మీద మడతపెట్టిన చిన్న తువాలు. బాచాన్ గట్టు మీద చెయ్యి వేసి నిలబడింది. మోకాలి దాకా ఉంటుంది ఆ గట్టు. ఒక్క కాలు నేలమీంచి లేచింది, జానెడు, మళ్ళీ దిగిపోయింది.

“రెండు నెలలైంది” అంది. ఈసారి గొంతులో నటన లేదు. “నీళ్ళంటే భయం కాదు. ఒక కాలెత్తితే రెండో కాలు నన్ను నమ్మట్లేదు.”

నోజిరి గారు ఆ మాట పొల్లుపోకుండా రాసుకుంది. జుసారా బాచాన్ చెయ్యి అందుకుంది. ఎప్పుడూ విదిలించుకునే మనిషి ఈసారి ఉంచేసింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

ఆ తర్వాత మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. అంగడికి నడవడం? మందుల షాపు దాకా, రెండు చోట్ల కూర్చుని. వంట? కాకరకాయ వేపుడు మట్టుకు, అదీ ఈ పిల్ల తరిగిస్తేనే. రాత్రి లేవడం? గోడ పట్టుకుని. కొట్టేసిన టిక్కులతో కాగితం గజిబిజి అయిపోయింది. పోయేముందు నోజిరి గారు రెండు చీజ్ బన్నులు తిని, మూడోది వద్దంది. బాచాన్ దాన్ని ఆవిడ సంచీలో వేసేసింది.

“ఇలాంటివి తీసుకోకూడదమ్మా.”

“రాసుకో, వృద్ధురాలికి చెవులు కూడా వినపడవని.”

ఆ సాయంత్రం విషయమంతా విని వాగ్నెర్ బాచాన్ గదిలోకి వెళ్ళాడు. లోపలినుంచి “ఏంట్రా ఆ మొహం, ఎవరు పోయారు?” అన్న కేక వినిపించింది.

నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. సాయం అవసరమని ఒప్పుకున్నారు, వారానికి రెండు రోజులు. జుసారా దాన్ని గట్టిగా చదువుతుంటే బాచాన్, “ఎన్ని మార్కులొచ్చాయో రాయలేదేం?” అని సణిగింది.

మొదటి రోజు వ్యాను తొమ్మిదిన్నరకొచ్చింది. డ్రైవరు చెయ్యి అందిస్తే, తీసుకోకుండా కాసేపు ఎగాదిగా చూసి, ఆపైన తీసుకుంది. ఆ రోజంతా తను పనిచేసే మొక్కల నర్సరీలో జుసారా గడియారం వంక చూస్తూనే ఉంది. నాలుగింటికి ముందే ఇంటికి పరిగెత్తి క్వార్టర్ల ముందు నిలబడింది.

వ్యాను తలుపు తెరుచుకుంది. బాచాన్ మొహం ఎర్రగా పండిన పీచ్ పండులా ఉంది. చేతి వేళ్ళ కొసలు నాని ముడతలు పడ్డాయి. వాటిని జుసారా కళ్ళముందు పెట్టి ఆడించింది.

“ఎలా ఉంది బాచాన్?”

“ఏముంది! అక్కడంతా ముసలివాళ్ళు.” మూడడుగులు వేసి ఆగింది. “వేడి ఒక గీత తక్కువ పెట్టారు. చెప్పాను. పెంచారు.”

“నీళ్ళెంతదాకా?”

బాచాన్ చూపుడువేలు గడ్డం కింద అడ్డంగా పెట్టి చూపించింది, చిన్నపిల్లలా.

భోజనానికి కూర్చుని, రెండో ముద్ద నోట్లో ఉండగానే నిద్రలోకి జారిపోయింది. వాగ్నెర్ చాప్‌స్టిక్కులు మెల్లగా ఆవిడ వేళ్ళలోంచి తీశాడు. జుసారా పరుపు పరిచింది. ఇద్దరూ కలిసి ఎత్తి పడుకోబెడుతుంటే, ఎత్తినందుకు తిట్టడానికి ఈసారి ఆవిడ మెలకువగా లేదు.