కాలిన తోటకి కత్తి పెట్టం

ఆ రోజు తోటకి అగ్గి పెట్టింది నేనే. ముందే ఒప్పుకుంటున్నాను.

2006 ఫిబ్రవరి. అనకాపల్లి దగ్గర మా ఊళ్లో చెరకు కొట్టే కూలీలం నలభై మందిమి. కొట్టే ముందు తోట కాలిస్తే ఎండుటాకు దూసే పని తప్పుతుంది, పాములు పారిపోతాయి. టన్నుల లెక్కన కూలి కాబట్టి మాకూ సంబరమే. కామందు త్రినాధరావు అగ్గిపెట్టె విసిరితే నేను ఎగిరి పట్టుకునేవాణ్ని.

ఆ రోజు మంట ఆరకముందే మమ్మల్ని కోతకి దింపాడు. పొగలో వంగి కొడుతుంటే మా పరదేశి బావ ఛాతీ పట్టుకుని చెరకు మోళ్ల మీద కూలబడ్డాడు.

"గుండెని ఎవుడో పిండేత్తన్నట్టుందిరా కన్నబాబూ."

త్రినాధరావు గట్టు దిగలేదు. "తాగొచ్చుంటాడు, పక్కకి లాగండి. కాలిన చెరకు రెండ్రోజులాగితే ఎండిపోద్ది, కొట్టండి" అన్నాడు.

మేం అప్పుడు కొట్టలేదు. బావని ఆటోలో అనకాపల్లి ఆస్పత్రికి తీసుకెళ్లాం. ప్రాణం దక్కింది. డాక్టరు మాత్రం గట్టిగా చెప్పాడు. పొగలో కంటికి కనిపించని నుసి ఉంటుందట. అది ఊపిరితిత్తుల్లోంచి రక్తంలో కలిసి గుండె నాళాలని పాడుచేస్తుందట. ఈ మనిషికి మళ్లీ ఆ పొగ తగిలితే బతకడం కష్టమన్నాడు.

మర్నాడు పొగ తగ్గాక ఆ తోట కొట్టేశాం. కామందుది కాల్చాల్సిన రెండో తోట మా పేటని ఆనుకునే ఉంది.

నాలుగో రోజు బావని ఇంటికి తెచ్చాం. ఆ సాయంత్రమే బడి అరుగు మీద అందరం కూడాం. అప్పలరాజు లేచాడు.

"ఆకు దూత్తే పని రెండింతలు. ఆ కూలి ఎవులిత్తారు?"

"కామందే ఇవ్వాల" అంది మాకు అక్క వరసైన దేముడమ్మప్ప, పరదేశి బావ భార్య. "నీ పెళ్లాం కడుపుతో ఉంది. ఆ పొగ దానికి తగల్దేటి?"

"ఇవ్వనంటే?"

"కాల్సుకోమందాం. కొట్టం. ఎండిపోద్దని ఆ బాబే సెప్పేడు కదా."

ఇన్నేళ్లుగా కాల్చి, కొట్టి, మా బలం ఎక్కడుందో మాకే తెలియలేదు. ఆ మాటతో తెలిసింది. అప్పలరాజు కూడా చెయ్యెత్తాడు. ఆ రాత్రే వెళ్లి కామందుకి చెప్పాం. తలుపేసుకున్నాడు.

బావని తెల్లారగానే ఎలమంచిలిలో చెల్లెలింటికి పంపాలనుకున్నాం. ఆటో రాకముందే త్రినాధరావు వచ్చి అగ్గిపెట్టె నా కాళ్ల దగ్గర పడేశాడు. నేను తియ్యలేదు. తనే వంగి తీసుకుని గీసి పేట పక్క తోటకి అంటించాడు. గాలి పేట మీదికి తిరిగింది. బావని మంచంతో మోసుకుని రోడ్డెక్కేలోపే ఊపిరి ఆగిపోయింది.

ఏడ్చాం. నేను మరీ ఏడ్చాను. అన్ని తోటలకీ అగ్గి పెట్టిన చేతులివి.

మధ్యాహ్నానికి కామందు బయటి కూలీలని లారీలో దించాడు. దేముడమ్మప్ప బావ కత్తి తెచ్చి గట్టు మీద పెట్టింది. పక్కన నేను నాది పెట్టాను. అప్పలరాజు పెట్టాడు. నలభై కత్తులూ వరసగా పడ్డాయి.

"ఈ పొగకే నా మొగుడు పోయేడు, అన్నయ్యా" అంది అప్ప, లారీ దిగిన పెద్దాయనతో. "కొడతారా, కొట్టండి."

ఆయన మసిబారిన చెరకుని చూశాడు. రోడ్డు మీది మంచాన్ని చూశాడు. తన కత్తి కూడా గట్టు మీద పెట్టాడు. వెనకున్న వాళ్లూ పెట్టారు.

పోలీసు జీపొచ్చింది. "మీ లీడరెవరు?"

"నానే" అన్నాను. "నానే" అంది అప్ప. "నానే" అన్నాడు అప్పలరాజు. ఆ తర్వాత ఎవరెవరన్నారో వినబడలేదు, అంతమంది అన్నారు.

అప్పనీ నన్నూ జీపెక్కించారు. బావని కాటికి మేం మోసుకెళ్తామని అప్పలరాజు అప్పకి మాటిచ్చాడు. జీపు కదిలింది. ఊరి మలుపు దాకా చెవులు రిక్కించి విన్నాను. వెనక తోటలో ఒక్క కత్తి చప్పుడైనా లేదు.