లెస్లీ గొంతు

బ్యాంకుకు ఫోన్ చేసేటప్పుడు పక్కన బఠాణీ కాయలు పెట్టుకోవడం నాకు అలవాటు. పాట మోగుతూ ఉంటుంది, మధ్యమధ్య ఒక ఆడగొంతు మీ ఫోన్ మాకెంతో ముఖ్యమని చెబుతుంది, మళ్ళీ అదే పాట. ఒక గిన్నెడు గింజలు ఒలిచేసరికి ఎవరో ఒకరు పలుకుతారు. బఠాణీలు లేని కాలంలో మా ఆయన లెస్ మేజోళ్ళ చిరుగులు కుడతాను. మా ఇంట్లో సిగ్నల్ దొరికేది బట్టలుతికే గది కిటికీ దగ్గర ఒక్కచోటే. కిటికీ గట్టు మీద ఫోను, వాషింగ్ మెషీన్ మీద గిన్నె, మధ్యలో నేను. కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోదు. మోకాలు ముందు సలుపుతుంది, కాసేపటికి మొద్దుబారుతుంది. ఈ మధ్య ఆ మొద్దుబారడమే సుఖంగా ఉంటోంది.

ఆ మోకాలి కోసమే ఈ మంగళవారం మధ్యాహ్నం ఫోన్ చేశాను. అడిలైడ్‌లో ఆపరేషన్‌కు తేదీ దొరికింది. శుక్రవారంలోగా డబ్బు కట్టకపోతే ఆ తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. డబ్బు ఖాతాలోనే ఉంది. మా అమ్మ పోయాక ఆమె ఇల్లు అమ్మితే నా వాటాకు వచ్చింది.

మా ఊళ్ళో బ్రాంచి ఉన్నప్పుడు ఇంత తంటా లేదు. కౌంటర్లో డొరీన్ ఉండేది, నన్ను చూడగానే మా ఖాతా పుస్తకం తీసేది. ముందు వారానికి మూడు రోజులన్నారు, తర్వాత ఒక పూటన్నారు, ఏడేళ్ళ కిందట తలుపుకు కాగితం అంటించి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ గదిలో కుక్కలకు జుట్టు కత్తిరిస్తారు. దగ్గర బ్రాంచి నూట పది కిలోమీటర్ల అవతల, సముద్రపు ఒడ్డున ఉంది. మంగళవారం, గురువారం, పొద్దుటిపూట మూడు గంటలు తెరుస్తారు. అక్కడికి ఫోన్ చేస్తే సిడ్నీలో మోగుతుంది.

ఖాతా ఇద్దరి పేరునా ఉంది. పెళ్ళయిన కొత్తలో మేనేజరు ఫారం నింపుతూ లెస్ పూర్తి పేరు లెస్లీ ఫిట్స్‌నర్ అని ముందు రాసి, కింద నా పేరు రాశాడు. అందువల్ల ఫోన్లో పనులన్నీ మొదటి పేరువారే చేయాలట. ముప్ఫై నాలుగేళ్ళుగా విత్తనాల డబ్బు, ఎరువుల డబ్బు, కరెంటు, పన్నులు అన్నీ చూసేది నేనే. అయినా ఊళ్ళో బ్రాంచి పోయాక ప్రతి ఫోనుకూ షెడ్డులోంచి లెస్‌ను పిలుచుకు రావలసివచ్చేది. బురద బూట్లతో వచ్చి నిలబడేవాడు. ఆయన పుట్టిన తేదీ, ఆయన తల్లి పుట్టింటి పేరు, కిందటి వారం ఎంత తీశాడో, అన్నీ ఒక అట్టముక్క మీద నేనే రాసి పట్టుకునేదాన్ని. నా వేలు కదిలిన చోటల్లా ఆయన చదివేవాడు. "సరే, మా ఆవిడకిస్తున్నా" అని ఫోన్ నా చేతిలో పెట్టి, కడిగిన నేల మీద అడుగుల గుర్తులు వదిలి వెళ్ళిపోయేవాడు.

"మా లెస్‌కి కాగితాలంటే పడవమ్మాయ్. నీకెలాగూ తీరికే కదా" అనేది మా అత్తగారు. తీరిక. గొర్రెల ఉన్ని కత్తిరించే రోజుల్లో తొమ్మిదిమంది పనివాళ్ళకు పూటకు రెండుసార్లు టీ, మధ్యాహ్నం మాంసం వేపుడు, సాయంత్రం కేకు. క్లబ్బులో లెస్ ఇంకో మాటనేవాడు: "మా గ్లెనిస్‌కి ఫోనుంటే చాలురా, పొద్దస్తమానం బ్యాంకువాళ్ళతో కబుర్లే." అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అలాంటి ఉన్ని రోజుల్లోనే ఒకసారి, గంటసేపు పాట విన్నాక, ఫోన్లో అమ్మాయి "లెస్లీ గారేనా?" అంది. ఆడవాళ్ళకూ ఉండే పేరే కదా. పొయ్యి మీద మాంసం, షెడ్డులో లెస్, కాళ్ళలో సత్తువ లేదు. "అవును" అన్నాను. "ఇకనుంచి మీ గొంతు వింటే చాలండీ, ప్రశ్నలేవీ ఉండవు" అని ఒక వాక్యం మూడుసార్లు చెప్పించింది. అంతే. ఆ రాత్రి భోజనాల దగ్గర లెస్‌కు చెప్పాను. "మంచిపని చేశావు, ఇక నన్ను పిలవక్కర్లేదు" అన్నాడు రొట్టెకు వెన్న రాసుకుంటూ. ఆ తర్వాత ఆరేళ్ళు లెస్లీ ఫిట్స్‌నర్‌ను నేనే.

ఈ మంగళవారం కూడా ఆ వాక్యం చెప్పాను. మిషను కాసేపు ఆలోచించి, ఈ ఉదయం మూడుసార్లు గొంతు సరిపోలేదు కాబట్టి సేవ ఆపేశామని, ఉద్యోగి వచ్చేదాకా వేచి ఉండమని చెప్పింది. ఉదయం నేను ఫోనే చేయలేదు. ఎవరో దొంగ మా డబ్బు మీద పడ్డాడనుకున్నాను. అంతలో తలుపు తోసుకుని లెస్ వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"సిగ్నల్ కోసం కొండమీదికి బండి తోలుకెళ్ళి మూడుసార్లు చేశాను గ్లెన్. నా బ్యాంకు నన్నే ఎవడివని అడుగుతోంది."

"నువ్వెందుకు చేశావు?"

"డేరిల్‌కి మాటిచ్చాను. ఆ పాత కోతమిషన్ ఇద్దరం చెరిసగం కొంటున్నాం. సాయంత్రంలోగా డబ్బు పడాలి."

డేరిల్ అంటే ఆయన తమ్ముడు. "ఏ డబ్బు?" అన్నాను. తెలిసే అడిగాను.

"ఖాతాలో ఉంది కదా. మళ్ళీ ఏడాది సర్దేస్తాను. నీ మోకాలు ఇన్నేళ్ళు ఆగింది, ఇంకో ఏడాది ఆగలేదా. గోధుమ ఆగుతుందా."

గొంతు పెంచలేదు. ఆయన చెడ్డవాడు కాడు, ఎప్పుడూ చెయ్యెత్తలేదు. వాన పడుతుందేమో అన్నంత మామూలుగా అన్నాడు. అందుకే తగిలింది. నన్ను అడగాలని అనుకుని మానేయలేదు, అడగాలన్నదే ఆయనకు తట్టలేదు. నిలబడి ఉన్నదాన్ని అలాగే గోడకు చేరగిలబడ్డాను. కోపం కూడా రాలేదు. కోపానికి ఓపిక కావాలి.

అప్పుడే పాట ఆగింది. "లెస్లీ గారాండీ?" అన్నాడు ఎవరో కుర్రగొంతు ఉద్యోగి. ఫోను స్పీకరులోనే ఉంది.

లెస్ నా భుజం తట్టాడు. "చెప్పు. అవునని చెప్పు."

"కాదండీ" అన్నాను. "లెస్లీ నా పక్కనున్నాయన. నా పేరు గ్లెనిస్. గ్లెనిస్ ఫిట్స్‌నర్."

అటువైపు మీటల చప్పుడు వినిపించింది. "మీ పేరూ ఖాతాలో ఉందండీ. కానీ ముప్ఫై నాలుగేళ్ళలో మీరు ఒక్కసారి కూడా ఫోన్ చేసినట్టు లేదే."

నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆ గోడకే ఆనుకుని అంతా చెప్పాను. ఆరేళ్ళుగా మీరు వింటున్న లెస్లీ గొంతు నాదేనని, ఆయనకు తెలిసే జరిగిందని, పొద్దున మీరు తిప్పిపంపింది అసలు లెస్లీనని చెప్పాను. లెస్ చెయ్యి నా భుజం మీద నుంచి ఎప్పుడు జారిపోయిందో గమనించలేదు.

ఉద్యోగి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పారు కాబట్టి చెబుతున్నానండీ. ఫోన్లో ఇక ఎవరికీ డబ్బు కదలదు. బ్రాంచికి రండి. అక్కడైతే ఇద్దరిలో ఎవరొచ్చి సంతకం పెట్టినా చాలు, కావలసినచోటికి పంపుకోవచ్చు. మళ్ళీ తెరిచేది గురువారం, తొమ్మిదిన్నరకు."

ఫోన్ పెట్టేశాక లెస్ చాలాసేపు కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు.

"గురువారం గొర్రెలకు మందు పట్టాలి గ్లెన్. నాకు కుదరదు" అన్నాడు.

"నాకు కుదురుతుంది" అన్నాను.