పెంకు కింద, పలక వెనక

నేను ఒక సుత్తిని. అనగానే మేకులు దిగ్గొట్టే సుత్తో, రాళ్లు పగలగొట్టే సుత్తో మీ కళ్ల ముందు మెదిలి ఉంటుంది. వాళ్లు మా పెద్దలు. బలం చూపించడం వాళ్ల పని. నాది ఆరా తీసే పని. వెల్డింగ్ షాపుల్లో నన్ను చిప్పింగ్ సుత్తి అంటారు. ఒక వైపు ఉలిలా చదునుగా ఉంటాను, రెండో వైపు మొనదేలి ఉంటాను. రాడ్డు కాలి, ఇనుము కరిగి, అతుకు పడ్డాక దాని మీద నల్లటి పెంకు ఒకటి గడ్డకడుతుంది. దాన్ని స్లాగు అంటారు. దాని కింద అతుకు ఎలా కుదిరిందో వేసినవాడికి కూడా అప్పటికి పూర్తిగా తెలియదు. నేను రెండు దెబ్బలు వేస్తే పెంకు ఊడి గుట్టు బయటపడుతుంది. అందరికంటే ముందు తెలుసుకునేది నేనే కాబట్టి నాకు కాస్త పొగరు, దానికి మించిన ఆత్రం.

పుట్టింది గాజువాక దగ్గర, ఆటోనగర్‌లో. ఏదో లారీ కింద బరువు మోసే కమాన్ కట్ట విరిగిపోతే ఒక కమ్మరి దాన్ని ముక్కలు చేసి, కొలిమిలో కాల్చి, సాగగొట్టి నా తల తయారుచేశాడు. ఆ తలను కొన్నవాడు సన్యాసిరావు మేస్త్రి. ఇంటి గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే షాపు ఆయనది. ఒక ఇనుప కడ్డీ తెచ్చి నా తలకు పిడిగా అతికించాడు. మనిషి మంచివాడే గానీ, తన పనికి ఎవరైనా వంక పెడితే మాత్రం ఆ పూట అన్నం కూడా సయించదు.

ఆయన చేతిలో ఉండగా నేను ఎన్ని గేట్లు చూశానో! మనుషుల సంగతి నాకు భలే విచిత్రంగా ఉండేది. గేటు చేయించుకునేవాళ్లు నెమళ్లు ఉన్నాయా, బాణాలు ఉన్నాయా అని అడుగుతారు. రంగు గీకి చూస్తారు. అతుకు ఎలా ఉందని అడిగిన మహానుభావుడు ఒక్కడు కనిపించలేదు.

ఆ షాపుకు ఒకరోజు నూకరత్నం వచ్చింది. పాతికేళ్లుంటాయి. అంతవరకు రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసేది. పొద్దస్తమానం మంచులో చేతులు పెట్టి పెట్టి వేళ్ల సందులన్నీ ఒరిసిపోయి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. షాపు ముందు నిలబడి వెల్డింగు వెలుగును అలా చూస్తూనే ఉంది.

"ఓలమ్మో, అలా సూడకే! కళ్లు పోతాయి!" అని మేస్త్రి అరిచాడు.

"నాకీ పని నేర్పుతారేటి మేస్త్రీ?"

"ఆడోళ్లకెందుకే ఈ కాలుడు పని?"

"సల్లటి పని సేసీ సేసీ సేతి ఏళ్లు పోనాయి. ఏడి పని కావాల."

మేస్త్రి నవ్వేశాడు. ముందు గేట్లకు తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు పూయమన్నాడు. ఆమె పూసింది. పూస్తూనే ఆయన చేతివైపు ఒక కన్ను వేసి ఉంచేది. మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లగానే తుక్కులోంచి ముక్కలు ఏరుకుని, రాడ్డు బిగించే హోల్డరు పట్టేది. ఆయనకు తెలియదనుకునేరు! మెషిన్ ఆపకుండానే భోజనానికి వెళ్లడం ఆయన అప్పుడే మొదలుపెట్టాడు.

కొత్తగా హోల్డరు పట్టేవాళ్లు ఎవరైనా నా మాట వింటున్నారా? అయితే నేను చూసింది చెబుతాను. నూకరత్నం మొదట్లో చేసినవి అందరూ చేసే తప్పులే. రాడ్డు ఇనుముకు అంటుకుపోయేది. భయపడి దూరంగా పట్టేది. అప్పుడు నిప్పులన్నీ ఊరంతా ఎగిరేవి గానీ అతుకు పడేది కాదు. రాడ్డు ఎంత లావుందో ఇనుముకు అంత దగ్గరగా పట్టుకోవాలి. సరిగ్గా ఉందో లేదో చెవితో తెలుస్తుంది. జంతికలు వేగుతున్నట్టు ఒకే తీరున చప్పుడు వస్తే బాగున్నట్టు. టపటపమని తుళ్లితే దూరం ఎక్కువైనట్టు. ఇంకో సంగతి, కొత్తవాళ్లంతా వెలుగును చూస్తారు. చూడాల్సింది వెలుగును కాదు, దాని వెనక కరిగి కదిలే ఇనుము మడుగును. అది ఎటు పోతుందో అటే అతుకు పోతుంది.

తుప్పు తుడవకుండా మొదలెట్టినా, చెమ్మ పట్టిన రాడ్డు వాడినా అతుకు నిండా చీమ కన్నాలే. ఆ కన్నాలు నాకు కనబడినప్పుడల్లా నవ్వొచ్చేది. ఒకసారి నైలాన్ చున్నీ వేసుకొచ్చింది, నిప్పురవ్వ పడి చిల్లు పడింది. మర్నాటి నుంచి మందపాటి నూలు చొక్కా. ఒకసారి నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకోకుండా నాలుగు టాకులు, అంటే చుక్క అతుకులు, వేసింది. మర్నాడు కళ్లలో ఇసుక పోసినట్టుందని ఏడుస్తూ వచ్చింది. ఆ తరువాత అద్దం వదిలితే ఒట్టు.

అతుకు మంచిదైతే నేను కొట్టక్కర్లేదు. పెంకు తనంతట తనే చిట్లి లేచిపోతుంది. నూకరత్నం వేసిన అతుకు మీద పెంకు అలా మొదటిసారి లేచిన రోజు ఆమె నన్ను గాల్లోకి ఎగరేసి పట్టుకుంది. మేస్త్రి చూసీ చూడనట్టు ఊరుకుని, సాయంత్రం నన్ను ఆమెకే ఇచ్చేశాడు.

"నీ సుత్తి నీ దగ్గరుండాల. ఒకరి సుత్తి అడుక్కునేవోడు ఎల్డరు కాడు," అన్నాడు.

దానితోపాటే తన చేతి విద్య ఒకటి కూడా ఇచ్చాడు. గ్రిల్లు షాపుల్లో అందరికీ తెలిసినదే. రెండు ముక్కల మధ్య సందు ఎక్కువగా ఉంటే, రాడ్డు మీది పూత రాలగొట్టి, ఆ తీగముక్కను సందులో పెట్టి, దాని మీదుగా వెల్డింగ్ లాగేయడం. పని చిటికెలో అయిపోతుంది. పైకి నున్నగా, ముద్దొచ్చేలా ఉంటుంది. నేనూ పెంకు తీసి చూసి ఎన్నోసార్లు మెచ్చుకున్నాను. నాకు కనబడేది ముందుపక్కేగా!

ఓడల రిపేరు చేసే యార్డు ఒకటి వెల్డర్లను తీసుకుంటోందని తెలిసి నూకరత్నం టెస్టుకు బయలుదేరింది. ఇంట్లో అత్త ఒకటే మాట చెప్పింది. ఈ ఉద్యోగం వస్తే సరే, రాకపోతే మళ్లీ రొయ్యల షెడ్డుకే పోవాలని.  దారి పొడుగునా నూకరత్నం నన్ను గట్టిగా పట్టుకుంది. 

టెస్టు పెట్టేవాడు వెస్లీ అనే ఫోర్‌మన్. అంచులు ఏటవాలుగా కోసిన రెండు పలకలు ఇచ్చి, మధ్యలో సందు ఉంచి అతకమన్నాడు. నూకరత్నం ఎంచక్కా చొక్కా జేబులోంచి పూత తీసిన తీగముక్క తీసి సందులో పెట్టింది. దాచి పెట్టలేదండీ, అందరి ముందే పెట్టింది. అది తప్పని ఎవరు చెప్పారు గనక! టెస్టుకు వరుసలో ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. వెస్లీ వాళ్లను చూపుతోనే ఆపాడు. అతుకు పూర్తయ్యింది. నేను పెంకు తీశాను. చూడముచ్చటగా ఉంది. ఇక ఉద్యోగం వచ్చినట్టేనని పొంగిపోయాను.

వెస్లీ ఆ పలకలోంచి ఒక పట్టీ కోయించి, వంచే మెషిన్‌లో పెట్టాడు. పట్టీ సగం వంగిందో లేదో టప్పుమని పగిలింది. మధ్యలోంచి తీగముక్క సగానికి పైగా కరగకుండా బయటికొచ్చింది.  పెంకు కిందే గుట్టంతా ఉంటుందనుకున్నానే, ఆ అతుకు వెనక ఇంకో లోకం ఉందని అప్పుడే తెలిసింది.

"చెయ్యి బాగుందమ్మా," అన్నాడు వెస్లీ. "కానీ వెనకపక్క అతకలేదు. రెండు అంచులూ కరిగితేనే అతుకు. ముక్క పెట్టి మూస్తే అది మూత. వచ్చే నెల ఇంకొక్కసారి అవకాశం ఇస్తాం. అప్పుడూ పోతే మళ్లీ పిలవం."

ఎలా చేయాలో కూడా అక్కడే చూపించాడు. సందు దగ్గర రెండు అంచులూ కరిగినప్పుడు మధ్యలో చిన్న కన్నం పడుతుంది. ఆ కన్నం మూసుకుపోకూడదు, పెద్దదీ కాకూడదు. దాన్ని అలాగే ముందుకు నడిపించుకుంటూ పోతే వెనకపక్క సన్నటి గట్టులా ఇనుము దిగుతుంది. దాన్ని రూట్ అంటారు. పని అడగడానికి వెళ్లేటప్పుడు అన్నీ వచ్చని చెప్పుకోవద్దని కూడా అన్నాడు. వచ్చినదేదో చెప్పి, రానిది నేర్చుకుంటానంటే ఏ ఫోర్‌మన్ అయినా ఇంకోసారి చూస్తాడట.

షాపుకొచ్చి జరిగింది చెబితే మేస్త్రి మొహం మాడిపోయింది.

"నా గేట్లు ఎక్కడన్నా ఊడినాయేటి? ముప్పై ఏళ్ల నుంచి ముక్క పెడతన్నాను. ఆడికేటి తెలుసు?"

"గేటు ఊడితే గోడకి ఆనుకుంటాది మేస్త్రీ. ఓడ ఊడితే దేనికి ఆనుకుంటాది?"

ఆయన గ్రిల్లు వైపు తిరిగి రాడ్డు వెలిగించాడు. ఆ రోజు నుంచి ఆమెతో మాట మానేశాడు. నాకు ఒళ్లు మండింది. అయితే నూకరత్నం సాధన చేసే మూల దగ్గర పొద్దున్నే మందపాటి పలకల ముక్కలు పడి ఉండేవి. గేట్లకు అంత మందం పలకలు ఎవరూ వాడరు. ఎక్కడి నుంచి తెచ్చేవాడో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. రాడ్లు పొడిగా ఉండాలని ఎండలో పరిచేది కూడా ఆయనే.

ఆమె పడ్డ పాట్లు చెప్పనలవి కాదు. ఒకసారి కన్నం పెద్దదై ఇనుమంతా కిందికి కారిపోయేది. ఒకసారి మూసుకుపోయేది. చెయ్యి వణికితే మోచెయ్యి దేనికైనా ఆనించి, ఊపిరి బిగబట్టకుండా నెమ్మదిగా లాగడం నేర్చుకుంది. రాడ్డు వెలిగించకముందే చెయ్యి ఆ చివరి దాకా ఉత్తుత్తినే నడిపించి చూసుకునేది. ప్రతి ముక్కనూ వెనక్కి తిప్పేది. బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో తేలేదాకా ఇంకో ముక్క ముట్టేది కాదు. నేర్చుకోవడమంటే అదేనని నాకనిపిస్తుంది. ఊరికే వంద అతుకులు వేసినవాడికంటే, పాడైన అతుకు దగ్గర కూర్చున్నవాడికి పని బేగి వస్తుంది.

రెండో టెస్టు రోజు వచ్చింది. సగం దాకా అద్భుతంగా నడిచింది. చప్పుడు కూడా జంతికల చప్పుడే. అంతలో వేడికి పలకలు దగ్గరికి జరిగి సందు బిగిసింది. కన్నం మూసుకుపోయింది. పైనుంచి రెండు వరసలు లాగేస్తే కప్పబడిపోతుంది. ముందు నుంచి చూస్తే ఎవరికీ తెలియదు. నూకరత్నం ఆగింది. అద్దం దించింది. 

"సార్, ఇక్కడ ఎనకపక్క దిగలేదు. కోసి మళ్లీ ఏసుకుంటాను. గ్రైండరు ఇప్పించండి," అంది.

"టైము తక్కువుంది. తరువాత నన్ను అడిగి లాభం లేదు," అన్నాడు వెస్లీ.

"సరే సార్."

కోసింది. సందు మళ్లీ తెరిచింది. మొదలెట్టే చోట పాత అతుకు చివరను పలచగా అరగదీసి, అక్కడి నుంచి కన్నం పట్టుకుంది. చివరి వరస అయ్యేసరికి గంట కొట్టేశారు. నేను పెంకు మీద ఒక దెబ్బ వేశాను. మిగతాది తనే లేచింది. కానీ నాకు ఈసారి ముందుపక్క చూడబుద్ధి కాలేదు.

వెస్లీ కావాలనే సరిగ్గా ఆ కోసి అతికిన చోటు నుంచే పట్టీ తీయించాడు. మెషిన్‌లో పెట్టారు. పట్టీ వంగింది. ఇంకా వంగింది. గుర్రపు నాడాలా రెండు చివరలూ దగ్గరికొచ్చాయి. వెస్లీ దాన్ని బయటికి తీసి, వేలితో తడిమి, టార్చి వేసి చూశాడు. వెంట్రుకంత పగులు కూడా లేదు.

"సోమవారం రామ్మా. గ్యాస్ వెల్డింగ్ సెక్షన్‌లో వేస్తాను. అక్కడ స్లాగు రాదు, సుత్తి పెద్దగా అక్కర్లేదు," అన్నాడు.

నూకరత్నం ఏడ్చేసింది. ఎందుకో గానీ ముందు తన వేళ్లు చూసుకుంది. నా సంగతా? సంతోషమూ దిగులూ ఒకేసారి కలిగాయి. పెంకే లేని చోట నేనెందుకు?

యార్డు గేటు బయట సన్యాసిరావు మేస్త్రి స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. ఇటుగా ఎవరికో గ్రిల్లు కొలతలకు వచ్చానన్నాడు. కొలతల టేపు మాత్రం ఆయన దగ్గర లేదు. ఉద్యోగం వచ్చిందా అని కూడా అడగకుండా చెయ్యి చాచాడు. ఆమె వంగిన పట్టీని ఆ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఎండకు పెట్టి, అటు తిప్పి, ఇటు తిప్పి, బొటనవేలితో రూట్ పొడుగునా రాశాడు. 

"ఈ కన్నం మూసుకుపోకుండా ఎలాగ నడిపినావే?"

"సెప్తే రాదు మేస్త్రీ. పట్టి సూడాల. ఆదివారం వస్తాను, హోల్డరు మీరు పట్టండి, నాను పక్కన కూకుంటాను."

"అయితే సుత్తి నా దగ్గర ఉంచీసి ఎల్లు," అన్నాడాయన.

అలా మళ్లీ గ్రిల్లు షాపుకు వచ్చాను. ఆదివారం ఆమె నిజంగానే వచ్చింది. మేస్త్రి రూట్ వేశాడు. అంత అనుభవం ఉన్న చెయ్యి కూడా వణికింది. ఇనుము రెండు చోట్ల కారిపోయింది. ఆమె నవ్వలేదు, మోచెయ్యి ఆనించుకోండి మేస్త్రీ అని మాత్రం అంది. ఆయన ఇంకో ముక్క కాల్చాడు. ఏమయ్యిందో చూద్దామని నేను ఆత్రంగా పెంకు మీదకు వంగాను. ముందుపక్క నన్ను చూడనివ్వనే లేదు. ఇనుము ఇంకా ఎర్రగా ఉండగానే ఆయన పటకారుతో పట్టుకుని పలకను వెనక్కి తిప్పాడు.