పాత వంపు

ఎనిమిదో గుంజ మీద రెండు దెబ్బలు వేసి, మూడో దెబ్బకు ముందు ఆగి, ఒక కన్ను మూసి వరస చూసుకున్నాడు గుంజలాయన. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఇంజనీర్లు గీసిన గీత ఎటు పొమ్మంటే అటు గుంజలు కొట్టడం. సుత్తి ఎత్తీ ఎత్తీ కుడి భుజం ఒక పక్కకు ఒరిగిపోయింది. ఎడమ బొటనవేలి గోరు ఎన్నిసార్లు నల్లబడి ఊడిందో లెక్కలేదు. ఉద్యోగం ఇన్నేళ్ళయినా పర్మనెంటు కాలేదు. ఎందుకని అతను అడగనూ లేదు. నోట్లో నాలుక లేని మనిషి అంటుంది భార్య.

వాగు పొడుగునా పార్కు, నడకదారి, మధ్యలో రాళ్ళు పరిచిన తిన్నటి కాలువ. అదీ ప్లాను. ఈ పూట గుంజలు మాత్రం కొడవలిలా వంపు తిరిగి, పూలతోట గీసిన చోటు మీదుగా పోతున్నాయి.

డిజైను గీసిన అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "ఇదేంటి బాబాయ్? పెద్దసారు వచ్చే వేళయింది!"

అతను గునపం అందుకుని తవ్వాడు. మోకాలిలోతు చెత్త, కింద నల్లమట్టి, దాని కింద నున్నటి గులకరాళ్ళు. ఆమె ఒకటి తీసి అరచేతిలో తిప్పి చూసింది.

"వాగు ఇటు పోయేదా?"

"పదకొండేళ్ళ కిందట తిన్నగా చేశారమ్మా. అప్పుడూ గుంజలు నేనే కొట్టా. మరుసటి వానాకాలం నీళ్ళు పూడ్చిన పాతదారే పట్టి, ఒడ్డునున్న మా అక్క వంటింట్లోంచి పోయాయి. మనుషులు దక్కారు, ఇల్లు దక్కలేదు. అక్క నన్ను ఒక్క మాటా అనలేదు."

జీపు దిగిన పెద్దసారుకు విషయం అర్థం కావడానికి నిమిషం పట్టలేదు. "పీకెయ్ అవన్నీ."

"పీకను సార్."

చుట్టూ పారలు ఆగిపోయాయి. తన గొంతు అలా ఉంటుందని అతనికీ అప్పుడే తెలిసింది.

"నీళ్ళకి మీ కాగితం చదవడం రాదు సార్."

"రేపట్నుంచి పనిలోకి రాకు!"

"రాను. గుంజలు మాత్రం పీకను."

"ఆయన చెప్పింది నిజం సార్," అంది అమ్మాయి, గులకరాయి చూపిస్తూ. "గీత మారుస్తాను." పెద్దసారు విసురుగా జీపెక్కాడు.

గుంజలాయన వాగులో కాళ్ళు కడుక్కున్నాడు. భుజం మీది ఎర్రగళ్ళ తువ్వాలు తీసి చివరి గుంజకు గట్టిగా ముడేశాడు.

"తవ్వే యంత్రం నడిపేవాడికి దూరం నుంచే కనబడాలి," అని, చెప్పులు చేతబట్టుకుని గట్టెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం యంత్రం వచ్చింది. రాత్రంతా కూర్చుని గీసిన కాగితం పట్టుకుని అమ్మాయి అడ్డంగా నిలబడింది. "అటు కాదు, ఇటు," అంటూ వంపు వైపు చెయ్యి చూపింది. డ్రైవరు ఇనపతొట్టిని పైకెత్తి, నెమ్మదిగా తిప్పాడు. మంచుకు తడిసిన తువ్వాలు గుంజకు అంటుకుని, ఒక్క కొస మాత్రం గాలికి కొట్టుకుంటోంది.