పెద్ద తెర మీద మంచు

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు దాటింది. బస్సులు లేవు. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. అయినా యాదలక్ష్మి మీర్‌పేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు నడిచే వస్తోంది. మల్లికార్జునరావు గారి కోచింగ్ సెంటర్‌లో తొమ్మిదేళ్ళుగా ప్రశ్నపత్రాలు టైపు చేసేది ఆమే. ఇన్నేళ్ళలో ఆమె పనికి ఎవరూ వంక పెట్టలేదు. ఈమధ్యే ఒత్తులు తప్పుతున్నాయి. మొన్నటి లెక్కల పరీక్షలో ‘భిన్నం’ కాస్తా ‘భినం’ అయి కూర్చుంది. క్లాసంతా ఒకటే నవ్వులు.

అందుకే సార్ గదిలోకి పిలవగానే చీవాట్లు తప్పవనుకుంది. ఆయన మాత్రం బల్ల మీద పెద్ద లాప్‌టాప్ ఒకటి తెరిచి పెట్టారు.

“పదిహేడు అంగుళాల తెరండీ. తెలిసిన షాపువాళ్ళు నాలుగు రోజులు వాడి చూడమన్నారు. నాకైతే చిన్నదే ఇష్టం, ఎల్‌బీనగర్ బ్రాంచికి పట్టుకెళ్ళొచ్చు. కానీ రోజంతా దాని ముందు కూర్చునేది మీరు కదా! మంచీ చెడూ రెండూ దాచకుండా రాసివ్వండి.”

వస్తువు కొనేముందు యాదలక్ష్మి అభిప్రాయం అడిగినవాళ్ళు అంతవరకూ లేరు.

ఆ నాలుగు రోజులూ శ్రద్ధగా వాడి చూసింది. ప్రశ్నలు ఒక పక్క, జవాబులు ఒక పక్క పెట్టుకుని సరిచూసుకోవచ్చు. కుడివైపు అంకెల మీటలు విడిగా ఉన్నాయి, మార్కుల జాబితా చకచకా అయిపోతోంది. బరువు మాత్రం బాగా ఎక్కువ. కరెంటు పోతే గంటంబావుకు మించి బ్యాటరీ ఆగదు. ఇవన్నీ రాశాక ఒక్కచోట ఆమె కలం ఆగింది. ఆ సంగతి రాస్తే లాప్‌టాప్ వెనక్కి పోతుందేమో! అయినా దాచకూడదనుకుని రాసేసింది: ‘తెర మీద మంచు కమ్మినట్టు ఉంటోంది.’

రావు గారు కాగితం చదివి తెరను అటూ ఇటూ వంచి చూశారు. వెలుతురు తగ్గించారు, పెంచారు. “నాకేం కనపడట్లేదే!” అన్నారు.

“గిక్కడ సార్, గీ తెల్ల పేజీ అంత పొగ లెక్కనే ఉంది గద!”

సెంటర్‌లో అడ్మిషన్లు చూసుకునే లలితకుమారి, రావు గారి భార్య, అప్పుడే లోపలికొచ్చింది. ఇద్దరి మాటలూ విని యాదలక్ష్మి పక్కన నిలబడింది. “ఎడమ కన్ను మూసుకుని చూడండి” అంది.

యాదలక్ష్మి మూసుకుంది. తెరంతా పాలు ఒలికినట్టయింది. ఈసారి కుడి కన్ను మూసుకుంది. అక్షరాలు ముత్యాల్లా కనిపించాయి. మరోసారి కన్ను మార్చి చూసుకుంది.

“లాప్‌టాప్‌ది కాదు సార్ తప్పు. నా కన్నే ఖరాబైంది. ఇగ నాతోని గీ పని కాదేమో.”

“కాకపోవడమేంటి? శుక్లం అయ్యుంటుంది. మా అమ్మకీ అచ్చం ఇలాగే మొదలైంది. రేపే చూపిద్దాం” అంది లలితకుమారి.

మర్నాడు ముగ్గురూ కారులో బయల్దేరారు. ఎల్‌బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో జరుగుతోంది. జెండాలు పట్టుకున్న కుర్రాళ్ళు కారు ఆపారు. “హాస్పిటల్‌కి వెళ్తున్నామండీ” అన్నారు రావు గారు. ఆయన కోస్తా యాస వినగానే ఒకడు ముందుకొచ్చాడు. “ఎక్కడోళ్ళు మీరు?”

వెనక సీట్లోంచి యాదలక్ష్మి అద్దం దించింది. “మాది నల్గొండ బిడ్డా. ఈ సారు నా కన్ను చూపెట్టనీకి తోల్కపోతున్నడు. జర తొవ్వ ఇయ్యుండ్రి.”

ఆ కుర్రాడు కారులోకి వంగి ఆమెను చూశాడు. “పో అమ్మా, పైలం” అని జాగ్రత్త చెబుతూ, అడ్డంగా వేసిన టైర్లను తానే పక్కకు లాగాడు.

చౌరస్తా దాటాక రావు గారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. “మీరు లేకపోతే అక్కడే ఆగిపోయేవాళ్ళం.”

“మీరు లేకుంటే నేను దవాఖాన దిక్కే రాకపోదును సార్” అంది యాదలక్ష్మి.

శుక్లమే అని డాక్టరు తేల్చారు. వారం తిరక్కుండా ఆపరేషన్ అయింది. ఆమె ఇంట్లో ఉన్న ఆ కొద్ది రోజులూ ప్రశ్నపత్రాలను లలితకుమారే ఒక్కో మీట వెతుక్కుంటూ టైపు చేసింది.

తిరిగి పనిలోకి వచ్చిన రోజు యాదలక్ష్మి బల్ల మీద ఆ పెద్ద లాప్‌టాపే ఉంది. “కొనేశానండీ. బ్యాటరీ సంగతి మీరు రాసింది నిజమే. అందుకే మీ బల్ల దగ్గరికి ఇన్వర్టర్ వైరు లాగించాను” అన్నారు రావు గారు.

దారి పొడవునా ఎన్నో మాటలు కూర్చుకుని వచ్చింది యాదలక్ష్మి. తీరా వాళ్ళ ముందు నిలబడేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. “మేడం, మీరు జేసింది…” అని ఆగిపోయింది.

“ముందు ఇది చెప్పండి, ఈ పూట చుక్కలమందు వేసుకున్నారా?” అంది లలితకుమారి.

తొందరలో మర్చిపోయింది. లలితకుమారి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, కుడి కంట్లో మందు చుక్క వేసింది. యాదలక్ష్మి కళ్ళు మూసుకుంది. రెండు చెంపల మీదుగా నీళ్ళు కారసాగాయి.

“మండుతోందా?”

“లే మేడం,” అంది యాదలక్ష్మి, “మంచిగున్నది.”