ఊరికే వచ్చిన విత్తనం

టీవీ పోటీలో ప్రణయ్‌కే పైసలిస్తరని ముందే తేలిపోయిందని, జడ్జీలు ఊరికే తలలూపాలని ఎదురింటి రుఖయ్యా చెప్పిందట. ఆ మాట అత్త మోసుకొస్తే స్వప్న నవ్వేసింది.

జహీరాబాద్ ఫంక్షన్ హాల్లో టీవీవాళ్ల షో అది. కొత్త వ్యాపారాలకు పెట్టుబడి పెట్టే ముగ్గురు హైదరాబాద్ నుంచి వచ్చారు. ఊళ్లో జొన్నపిండి గిర్ని నడిపే స్వప్నను నాలుగో జడ్జీగా కూర్చోబెట్టారు.

ప్రణయ్ కొర్ర విత్తనాలను రంగురంగుల ప్యాకెట్లలో తెచ్చాడు.

"మనకు సరుకు ఖర్చు సున్నా సార్. మొగుడంపల్లి ఆడోళ్లు విత్తనం అమ్మరు. అడిగితే ఊరికే ఇస్తరు. పంటొచ్చినంక ఒకటికి రెండు తిరిగియ్యాలె, గంతే."

ముగ్గురూ చప్పట్లు కొట్టారు. స్వప్న ఒక ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది.

"నువ్వు విత్తినవా తమ్మీ?"

"నేనెందుకు విత్తుత అక్కా? ప్యాకెట్ కట్టి సిటీల అమ్మిన."

"మరేం తిరిగిస్తవ్?"

"వచ్చే ఏడు చూద్దామని చెప్పిన. పాపం, ఏమనరు."

"వాళ్ల గంపల్ల ఏమన్న మిగిలిందా?"

"ఏం లేదు. మొత్తం నాకే పోసిన్రు. మస్తు మంచోళ్లు," అన్నాడు మురిసిపోతూ.

ఆ నవ్వు మొహం చూడలేక స్వప్న తల తిప్పుకుంది.

పక్క కుర్చీలోని పెద్దమనిషి మైకు దగ్గరికి లాక్కున్నాడు. "ఖర్చు లేని సరుకు, బ్రహ్మాండమైన ఆలోచన. నేను పెడుతున్నాను. మీరేమంటారు స్వప్నగారూ?"

"మా దిక్కు దీన్ని దొంగతనమంటరు సార్. విత్తే కార్తె, మిరుగం నెత్తి మీదికొచ్చింది. ఇప్పుడా ఆడోళ్లు చేన్ల ఏం చల్లుకోవాలె?"