నీళ్లడగని మొక్కలు

విజయ్ సమాధి బిజినేపల్లి పక్కన గుట్ట మీద ఉంది. అక్కడ మట్టి కన్నా మొరమే ఎక్కువ. ఆ మొరంలోనే ఎస్తేరమ్మ కొడుకు తలాపున గులాబి మొక్క నాటింది. దాన్ని బతికించడానికి రోజూ పొద్దున్నే బిందె చంకనెత్తుకుని గుట్టెక్కేది. ఎండలు ముదిరాక ఒక బిందె చాలక రెండోసారి కూడా ఎక్కసాగింది. అట్లా రెండోసారి ఎక్కుతున్నప్పుడే కాలు జారింది. మోకాలు పొంగింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో డాక్టరు బరువులెత్తవద్దని గట్టిగా చెప్పాడు.

కోడలు వసంత హైస్కూల్లో తెలుగు టీచరు. మొదటినుంచీ తక్కువ మాట్లాడే మనిషి. భర్త జబ్బు చేసి పోయాక ఆ మాటలూ తగ్గాయి. గుట్ట మీదికి వెళ్లడమూ తగ్గింది. అత్త చేత బిందె మాన్పించాలంటే నీళ్లడగని మొక్కలు నాటడమొక్కటే దారి అనుకుని, శనివారం బడి కాగానే నాగర్‌కర్నూల్ బస్సెక్కింది.

నర్సరీ యాదమ్మ మాటకారి. మొక్కలు ఇంటి ముందటికా, బడికా అని అడిగింది.

"గుట్ట మీదికి. నీళ్లుండవు. నీడ గూడ ఉండదు," అంది వసంత.

"మనుషులు గూడ ఉండరా ఏంది టీచరమ్మా?" అని నవ్వింది యాదమ్మ.

సమాధి కాడికని వసంత మెల్లగా చెప్పింది. యాదమ్మ ఆమె ముఖం చూసి నవ్వు ఆపేసి, తానే వంగి ఒక్కో మొక్కను ముందుకు జరిపింది. కాగితప్పూలు నిండుగా పూస్తాయి గానీ ముళ్లతో పక్క సమాధి మీదికి పాకుతాయి. తంగేడు దేనికైనా ఓర్చుకుంటుంది, కానీ వేరు పట్టేదాకా నీళ్లు పోయాల్సిందే. చివరికి వసంత తలాపుకు ఎడారి గులాబిని, పక్కలకు కలబందను ఎంచుకుంది.

"గివి నీళ్లు లేక సావయమ్మా. ఎక్కువైతెనే సస్తయి," అంది యాదమ్మ. ఆ మాట అన్నందుకు తానే నాలుక కరుచుకుంది.

మర్నాడు ప్రార్థన అయ్యాక అత్తాకోడళ్లు గుట్టెక్కారు. వసంత గులాబిని మట్టిగడ్డతో సహా తవ్వి తీసింది. ఇంటికి తీసుకెళ్లి నల్లా పక్కన పెడదామంది. దాని చోట ఎడారి గులాబిని నాటింది. ఎస్తేరమ్మ బండ మీద కూర్చుని చూస్తూ ఒక్క మాటే అడిగింది, వీటికి నీళ్లెప్పుడు పోయాలని.

"పదిహేను రోజులకొకసారి చాలు. మనం రాకున్నా బతుకుతయి అత్తమ్మా."

ఎస్తేరమ్మ మోకాలు రుద్దుకుంది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం వసంత బడి నుంచి నేరుగా గుట్ట మీదికి వెళ్లింది. ఎడారి గులాబి బాగానే ఉంది. ఒక కలబంద మాత్రం పసుపెక్కి మెత్తబడింది. పట్టుకోగానే ఊడి చేతికొచ్చింది. వేరు కుళ్లి వాసన కొట్టింది. ఊళ్లో చినుకు పడలేదు, అయినా అడుగు మట్టి తడిగా ఉంది. పక్కనే ఆ తడిలో చెంబు అడుగు ముద్ర గుండ్రంగా కనిపించింది.

ఇంటికి వచ్చేసరికి ఎస్తేరమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. వసంత కుళ్లిన మొక్కను ఆమె ముందు పెట్టింది.

"నువ్వు బడికి పోంగనే పోతున్న," అంది ఎస్తేరమ్మ, అడగకముందే. "బిందె ఎత్తలే. చెంబే."

"వాటికి నీళ్లద్దని చెప్పిన గద అత్తమ్మా."

ఎస్తేరమ్మ చాట పక్కన పెట్టింది. "మొక్కకద్దు బిడ్డా, నాకు తెల్వదా? వాడు బడి నుంచి వచ్చినా, పని నుంచి వచ్చినా, గడప తొక్కంగనే చెంబెడు నీళ్లు చేతికిచ్చిన. ఇప్పుడు ఉత్త చేతులూపుకుంట ఎట్ల పోవాలె వాని కాడికి?"

వసంత కుళ్లిన మొక్కను చేతిలోకి తీసుకుంది. మనం రాకున్నా బతుకుతయని తనే చెప్పింది, అదేదో మంచి కబురన్నట్టు. మనుషులు గూడ ఉండరా అని నర్సరీలో యాదమ్మ నవ్వుతూ అడిగిన మాట ఇప్పుడు గుర్తుకొచ్చింది.

తెల్లవారి వసంత కలబంద కుళ్లు కోసేసి, మంచి ముక్కను నీడకు ఆరబెట్టింది. నల్లా పక్కనున్న గులాబిని మళ్లీ గడ్డతో సహా తవ్వి ఎస్తేరమ్మ చేతికి అందించింది. తను బిందె నింపుకుంది.

"టీచరమ్మ నడుము బిందె మోస్తదా? దారంత పారబోస్తవు."

"సగమే నింపిన."

గుట్టెక్కేసరికి ఆ సగంలో సగం చీర మీదే ఒలికింది. చెప్పిన గద, అంది ఎస్తేరమ్మ, జర సంతోషంగానే. సమాధి కాళ్ల దిక్కున గులాబిని నాటి, పాదు చేసి, గోనె పట్టాతో నీడ కట్టారు. ఆనాటి నుంచి బిందె వసంతది, చెంబు ఎస్తేరమ్మది. బడి వేళకు ముందే ఇద్దరూ గుట్టెక్కి వస్తున్నారు.

ఒక పొద్దున గులాబికి పోయగా చెంబు అడుగున కాసిని నీళ్లు మిగిలాయి. ఎస్తేరమ్మ చెంబును తలాపు వైపు తిప్పి, కోడలి ముఖం చూసి ఆగింది. వసంత బస్సేదో వస్తున్నట్టు రోడ్డు దిక్కు తిరిగి నిలబడింది. వెనక నీళ్లు పడ్డ చప్పుడు వినిపించింది. ఏ మొక్క మీదో ఆమె చూడలేదు.